ఫ్లైఓవర్ కింద పదకొండు మంది, షెల్టర్‌లో సగం మంచాలు ఖాళీ. ఎందుకిలా?

మూసీగట్టు
మా ఊరు పేరు చెప్పను. పది లక్షలు దాటిన ఊరు, ఫ్లైఓవర్లకు లోటు లేదు, అంతవరకు చాలు. మా వీధి పెద్ద రోడ్డును కలిసే చోట ఒక ఫ్లైఓవర్ కింద రెండేళ్లుగా పదకొండు మంది పడుకుంటున్నారు. పాలప్యాకెట్ కోసం రోజూ ఆ దారినే వెళ్తాను కాబట్టి లెక్క తెలుసు. పోయిన నెల ఒక రాత్రి లారీ వచ్చి వాళ్లను ఎక్కించుకుని వెళ్లింది. తెల్లవారేసరికి అక్కడ ఇనుప కంచె, కంచె లోపల పూల కుండీలు. వారం తిరగకముందే తొమ్మిది మంది పక్క స్తంభం కిందికి వచ్చేశారు. మిగతా ఇద్దరు ఏమయ్యారో ఎవరూ చెప్పడం లేదు.

నాకు అర్థం కానిది ఇంకొకటి. కిలోమీటరున్నర దూరంలో నిరాశ్రయుల కోసం షెల్టర్ ఉంది. నిన్న వెళ్లి చూసి వచ్చాను. యాభై మంచాలకు ఇరవై రెండు మంది. పైసా కట్టనక్కర్లేదు. ఫ్యాను ఉంది, దుప్పటి ఉంది, స్నానానికి నీళ్లున్నాయి. మరి వీళ్లు ఈ దోమల్లో, ఈ పొగలో ఎందుకు పడుకుంటున్నట్టు?

షట్టర్_శ్రీను
ఎందుకంటే అక్కడ తాగి పడుకోనివ్వరు. నాకు రోడ్డు మీదే దుకాణం. పొద్దున షట్టర్ ఎత్తే ముందు రెండు బకెట్ల నీళ్లు, అర సీసా ఫినాయిలు. ఇది నా రోజువారీ ఖర్చు. మనసు లేనివాడని తిట్టే ముందు ఆ వాసన ఒక్కసారి పీల్చి రండి.

ఇరానీ_సమోసా
కంచె లోపల పూల కుండీలకు ఇప్పుడు పక్కా చిరునామా వచ్చింది. రేపో మాపో రేషన్ కార్డు కూడా ఇస్తారు.

పాలమూరు_పిల్ల
శ్రీను గారూ, మా నాన్న ఎనిమిదేళ్లు ఇలాగే పడుకున్నాడు. మందు ముట్టడు. మేస్త్రీ కింద పని. ఊళ్లో మాకు ఇల్లుంది, ఎకరంన్నర పొలముంది, ఆ పొలానికి నీళ్లు లేవు. ఏడాదికి ఏడెనిమిది నెలలు హైదరాబాద్‌లో కూలి. అయిదున్నరకల్లా అడ్డా మీద నిలబడితేనే ఆ రోజు పని. ఆరు దాటితే మిగిలేది ముసలివాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు. అడ్డాకు యాభై అడుగుల దూరంలో మూసిన దుకాణం అరుగు మీద పడుకునేవాడు. మీ షెల్టర్ కిలోమీటరున్నర అవతల అన్నారు కదా మూసీగట్టు గారూ, అక్కడికి పనులిచ్చే మేస్త్రీలు వస్తారా? రారు.

ఇంకో మాట. "నువ్వు నిరాశ్రయుడివా" అని ఎవరైనా అడిగితే మా నాన్నకు కోపం వచ్చేది. ఇల్లున్నవాడిని పట్టుకుని అలా అడుగుతారా అని.

షట్టర్_శ్రీను
మీ నాన్నగారి అరుగు సంగతి నాకు తెలియదమ్మా. నా అరుగు సంగతే చెప్పాను.

పాత_ఫైలు
పురపాలక శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి దిగిపోయాను. షెల్టర్ల ఫైలు నా బల్ల మీదుగానే నడిచింది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఈ కేంద్రాలు మన నగరపాలికలకు దయ పుట్టి పెట్టినవి కావు. 2009 డిసెంబరులో, చలి కొరికేస్తున్నప్పుడు, ఢిల్లీలోని పూసా రోడ్డులో ఒక తాత్కాలిక బసను తొలగించారు. సుప్రీంకోర్టులో అప్పటికే నడుస్తున్న ఆహార హక్కు కేసులోకి ఆ సంగతి వచ్చింది. 2010 నుంచి వరుసగా ఆదేశాలు. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే ఆశ్రయం ఒకటి ఉండాలి, ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో దీన్ని ఒక పథకంగా చేర్చారు. మనిషికి యాభై చదరపు అడుగులు. మన రెండు రాష్ట్రాల్లోనూ మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, చేతుల మీదుగా నడిచింది.

ఇప్పుడు లెక్క వేయండి. 2011 నాటికే హైదరాబాద్ నగరపాలిక పరిధిలో జనాభా 67 లక్షలు. అంటే వంద మంది పట్టేవి 67 కావాలి. దాని దరిదాపుల్లోకి కూడా మనం ఏనాడూ వెళ్లలేదు.

ఉన్నవాటిని ఎక్కడ పెట్టామన్నది అసలు ప్రశ్న. పైనుంచి కాగితం వస్తుంది, నెలాఖరుకల్లా కేంద్రం చూపించాలి. నిరాశ్రయులు ఎక్కడ పడుకుంటున్నారో వెతికే తీరిక ఎవరికి? ఖాళీ భవనం ఎక్కడుందో వెతికాం. పాత కమ్యూనిటీ హాలు, మూతపడ్డ బడి, వార్డు కార్యాలయం మీది అంతస్తు. నేను సంతకం పెట్టిన వాటిలో ఒకటి మూడో అంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. అందులో ఉండాల్సినవాళ్లలో సగం మంది కుంటివాళ్లు, ముసలివాళ్లు. ఆ ఫైలు మీద "అనువైన భవనం" అని రాసింది నేనే.

ఇరానీ_సమోసా
పాత_ఫైలు గారూ, మొత్తానికి ఒక ఫైలు నోరు తెరిచి నిజం చెప్పడం ఇదే మొదటిసారి చూస్తున్నాను.

రాత్రి_డ్యూటీ
నేను ఒక షెల్టర్‌లో కేర్‌టేకర్‌ని. నాలుగేళ్లు. ఎక్కడని అడగొద్దు.

మంచాలు ఖాళీగా ఉన్నాయంటే ఏ నెలలో చూశారు? డిసెంబరు, జనవరిలో రండి, నడవాలో చాపలు వేస్తాం. వాన పడిన రాత్రి పదింటికి తలుపు కొడతారు. మే నెలలో ఆరుబయటే నయమంటారు. రేకుల కప్పు కింద ఫ్యాను తిరిగితే వేడిగాలే కదా.

మా దగ్గర తాగి వస్తే లోపలికి రానివ్వకూడదని నియమం. నేను రానిస్తాను, గొడవ చేయనంతవరకు. రానివ్వకపోతే గేటు బయట పడుకుంటాడు, పొద్దున్నే నాకే చెడ్డపేరు. శ్రీను గారు అన్నది పూర్తిగా తప్పని అనను. తాగేవాళ్లు ఉన్నారు. కానీ మా రిజిస్టరులో ఎక్కువ మంది హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు, వాచ్‌మన్లు, చిత్తు ఏరుకునేవాళ్లు. వడ్డించేవాడు రాత్రి ఒంటిగంటకు వస్తాడు. నియమం ప్రకారం పదింటికి గేటు మూయాలి. ఆ నియమం రాసినవాళ్లు పెళ్లిభోజనం ఎన్నింటికి చేస్తారో మరి.

బెజవాడ_బాబాయి
పనిచేయగలవాళ్లందరికీ పని చూపించాలి, ఉచితంగా మంచం ఇస్తే ఇంకా సోమరులవుతారు. నా అభిప్రాయం ఇది.

పాలమూరు_పిల్ల
బాబాయిగారూ, పైపోస్టు చదివారా? గిన్నెలు కడుగుతున్నారు, వడ్డిస్తున్నారు, కాపలా కాస్తున్నారు. ఇంకేం పని చూపిస్తారు?

బెజవాడ_బాబాయి
సరే, చదివాను. అయితే ఆ జీతంతో గది అద్దెకు తీసుకోవచ్చు కదా?

పాలమూరు_పిల్ల
అడ్వాన్సు ఎవరు ఇస్తారు? ఆధార్ జిరాక్సు ఎక్కడిది? ఒంటరి మగవాడికి, అందులోనూ రోజుకూలికి, గది ఇచ్చే యజమాని మీకు తెలిస్తే ఇక్కడ నంబరు పెట్టకండి, క్షణంలో వందమంది వచ్చేస్తారు.

ప్లీడరు_గుమాస్తా
ఆధార్ మాట వచ్చింది కాబట్టి. 2018 జనవరిలో షెల్టర్ల మీద నడుస్తున్న కేసులో సుప్రీంకోర్టే ఈ ప్రశ్న అడిగింది, ఇల్లులేనివాడికి ఆధార్ ఎలా వస్తుంది, లేకపోతే అతను ప్రభుత్వం దృష్టిలో లేనట్టేనా అని. ఆ కేసులోనే 2016లో షెల్టర్ల పరిస్థితి చూసి రమ్మని విశ్రాంత న్యాయమూర్తి కైలాశ్ గంభీర్ నాయకత్వంలో ఒక కమిటీని కూడా వేసింది.

ఇక లారీ సంగతి. మనకు 1977 నాటి బిచ్చగాళ్ల నిరోధక చట్టం ఉంది, ఉమ్మడి రాష్ట్రం నాటిది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినప్పుడు గుర్తుందా? ఇవాంకా ట్రంప్ వచ్చారు. ఆ సదస్సుకు ముందే నగరంలో రెండు నెలలపాటు భిక్షాటన నిషేధించారు. దొరికినవాళ్లను జైళ్ల ఆవరణల్లో పెట్టిన పునరావాస కేంద్రాలకు తరలించారు. బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయల బహుమతి అని కూడా ప్రకటించారు. ఆ మరుసటి ఏడాదే, 2018 ఆగస్టులో, ఢిల్లీ హైకోర్టు అక్కడ అమలవుతున్న ఇలాంటి చట్టంలోని శిక్షల సెక్షన్లను కొట్టేసింది. పేదరికాన్ని నేరం చేయకూడదన్నది అందులోని సారం. ఆ తీర్పు ఢిల్లీకే. మన చట్టం మన దగ్గర అలాగే ఉండిపోయింది.

ఇరానీ_సమోసా
అయిదు వందలా! ఆ రోజుల్లో నా స్నేహితుడు ఒకడు తన పేరే రాసి ఇవ్వాలనుకున్నాడు. నెలాఖరు.

కాఫీ_చిన్నమ్మ
అందరూ ఫ్లైఓవర్ల గురించే మాట్లాడుతున్నారు. పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర చూశారా ఎప్పుడైనా?

మా చెల్లెలి బిడ్డకు నెలలు నిండకుండానే పుట్టుక. జిల్లా నుంచి సర్కారు ఆసుపత్రికి రాశారు. బిడ్డ లోపల గాజుపెట్టెలో, చెల్లెలు వార్డులో, నేనూ మరిదీ బయట. పందొమ్మిది రాత్రులు. వార్డులోకి ఒక్కరినే రానిస్తారు. రెండు వీధుల అవతల రోగుల బంధువుల కోసం బస ఉందని నాలుగో రోజు ఎవరో చెప్పారు. వెళ్లాం, బాగానే ఉంది, శుభ్రంగా ఉంది. ఒక్క రాత్రి పడుకున్నాను. ఆ రాత్రే రెండింటికి నర్సు బయటికి వచ్చి బిడ్డ పేరు పెట్టి పిలిచిందట, రక్తం తెమ్మని. పిలుపు అందుకునేవాళ్లు లేరు. ఆ తర్వాత పదిహేను రాత్రులు గేటు ముందు చాప మీదే. నిద్ర కాదు అది, చెవులు తెరుచుకుని పడుకోవడం.

బిడ్డ ఇప్పుడు మూడో తరగతి. బస ఎంత మంచిదైనా పిలుపు వినిపించే దూరంలో లేకపోతే ఎవరూ వెళ్లరు.

రాత్రి_డ్యూటీ
చిన్నమ్మగారూ, ఆసుపత్రి బస నడిపే మా స్నేహితుడు ఇదే చెప్పాడు. వార్డు నుంచి బసకు ఒక ఫోను లైను ఇమ్మని అడిగితే అది ఆరోగ్యశాఖ, ఇది పురపాలక శాఖ అన్నారట. మధ్యలో ఉన్నది ఒక గోడ.

లీడ్స్_లలిత
ఇక్కడ ఇంగ్లండ్‌లో అంతా బాగుంటుందని ఎవరైనా రాసేలోపు నేనే చెప్పేస్తాను, బాగుండదు. ఏటా శరదృతువులో ఒక రాత్రి ఎంచుకుని ప్రతి కౌన్సిలూ, అంటే ఇక్కడి నగరపాలిక, బయట పడుకున్నవాళ్లను లెక్కపెడుతుంది లేదా అంచనా వేస్తుంది. 2010లో 1,768 మంది. 2017కల్లా 4,751. కోవిడ్ సమయంలో బాగా తగ్గి, 2024లో మళ్లీ 4,667. హైదరాబాద్‌లో ఒక్క పేటలో ఉన్నంత మంది కదా అని మీరు నవ్వచ్చు. అయితే తాత్కాలిక వసతిలో పెట్టిన కుటుంబాలు లక్షకు పైనే. వాటి బిల్లులతో కౌన్సిళ్ల నడుము విరుగుతోంది.

పనిచేసిన సంగతి కూడా చెప్పాలి. 2018 ఏప్రిల్ నుంచి అమలైన చట్టం ప్రకారం, 56 రోజుల్లో ఇల్లు పోయే ప్రమాదం ఉందని ఎవరైనా వెళ్లి చెబితే కౌన్సిల్ అప్పుడే కలగజేసుకోవాలి. యజమానితో మాట్లాడటం, అద్దె బాకీ సర్దడం, ఇలాంటివి. రోడ్డున పడ్డాక దుప్పటి ఇవ్వడం కంటే అదే నయం. 2020 మార్చిలో అందరినీ లోపలికి తీసుకురమ్మని ప్రభుత్వం చెప్పగానే ఖాళీ హోటళ్లలో గదులు ఇచ్చారు. అంతకుముందు ఏళ్ల తరబడి "వాళ్లు రారు" అన్న మనుషులే వచ్చారు. ఎందుకు? హాల్లో మంచం కాదు, తలుపు ఉన్న గది.

మనవాళ్లకు ఒక హెచ్చరిక. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లకు ఈ సాయం సాధారణంగా వర్తించదు, ప్రభుత్వ నిధులు వాడకూడదన్న షరతు వీసాలోనే ఉంటుంది. ఫీజు కట్టాక అద్దెకు డబ్బుల్లేక వంతులవారీగా ఒకే పరుపు మీద పడుకున్న పిల్లలను చూశాను. వాళ్లు ఏ లెక్కలోనూ లేరు.

ప్లీడరు_గుమాస్తా
లలిత గారూ, బయట పడుకోవడం నేరమన్న 1824 నాటి చట్టం మీ దగ్గరిదే కదా. నెపోలియన్ యుద్ధాల నుంచి వచ్చి వీధిన పడ్డ సైనికుల కాలంలో చేసినది. మన బిచ్చగాళ్ల చట్టాలన్నీ దానికి మనవళ్లు.

లీడ్స్_లలిత
అవును, రద్దు చేస్తామని 2022లో పార్లమెంటులో ఆమోదించి కూడా అమలు తేదీ ఏళ్ల తరబడి ఖరారు చేయలేదు. ఫైళ్లు ఎక్కడైనా ఫైళ్లే.

పాత_ఫైలు
లెక్కల మాట వచ్చింది కాబట్టి నా లెక్క ఒకటి. 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా ఇల్లులేనివాళ్లను లెక్కపెట్టారు. నాకూ ఒక రైల్వే స్టేషను, బస్టాండు పరిసరాలు ఇచ్చారు. చేతిలో టార్చి, ఫారాలు, పక్కన ఒక కానిస్టేబులు. అక్కడే పొరపాటు జరిగింది. టార్చి వెలుగు, ఖాకీ చొక్కా కనిపించగానే సగం మంది లేచి పరిగెత్తారు. ఒకామె చంకలో బిడ్డతో పట్టాలు దాటి వెళ్లిపోయింది. పడుకున్నవాళ్లను మాత్రమే రాశాం. పరిగెత్తినవాళ్లను ఎలా రాస్తాం? ఆ రాత్రి దేశం మొత్తం మీద తేలినది 17.7 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షలు. ఆ అంకె ఎక్కడ కనిపించినా నాకు పట్టాల మీద పరిగెత్తినామె గుర్తొస్తుంది.

బెజవాడ_బాబాయి
ఫిన్లాండ్‌లో 2008 నుంచి ముందు ఇల్లు ఇచ్చేస్తున్నారట, మందు మానడం, పని వెతుక్కోవడం అన్నీ తర్వాతే. బాగా తగ్గిందట. మరి మనం ఎందుకు చేయం?

ఇరానీ_సమోసా
ఉదయం సోమరులన్నారు, రాత్రికి ఇల్లే ఇచ్చేయమంటున్నారు. బాబాయిగారు భోజనం చేసినట్టున్నారు.

పాత_ఫైలు
మన దగ్గర చాలా ఇళ్ల పథకాల్లో సొంత స్థలం ఉన్నవాడికి ఇల్లు కట్టుకోవడానికి సాయం, లేదా వాటా కట్టగలిగినవాడికి ఫ్లాటు. ఫ్లైఓవర్ కింద మనిషికి రెండూ లేవు. 2020లో వలస కూలీల కోసం అద్దె ఇళ్ల పథకం ప్రకటించారు, ఆలోచన మంచిదే. ఇక షెల్టర్లకు నిధులిచ్చిన మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఇప్పుడు కరెంటు బిల్లు ఎవరు కడతారో రాత్రి_డ్యూటీ గారిని అడగండి.

రాత్రి_డ్యూటీ
నా జీతం ఎవరు ఇస్తారో ముందు అడగండి.

మూసీగట్టు
రెండు రోజులు రాయలేదు, ఎందుకంటే మీ పోస్టులు చదివాక ఇంట్లో కూర్చుని ఊహించడం సిగ్గనిపించింది. నిన్న రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, టీ తెప్పించి, వాళ్లతోనే కూర్చున్నాను. మొదటి అరగంట నన్ను ఓట్ల మనిషి అనుకున్నారు.

భార్యాభర్తలు ఒక జంట. షెల్టర్‌లో ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు. ఆడవాళ్లది ఊరికి ఆ చివర. "ముప్పై ఏళ్లు కలిసి పడుకున్నాం, ఇప్పుడు విడిపోవడానికా" అన్నది ఆవిడ. ఒక కుర్రాడికి కుక్క ఉంది, కుక్కను రానివ్వరు. ఇద్దరు మార్కెట్ హమాలీలు, లారీలు మూడింటికి వస్తాయి. ఒకతను ఎవరితోనూ మాట్లాడడు, తనలో తనే గొణుక్కుంటాడు, అతనికి పక్కవాళ్లే అన్నం పెడుతున్నారు. ఇంకొకాయనకు డెబ్బై దాటి ఉంటాయి, తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్ముతాడు. బండి చక్రానికి పంచె కొసను కట్టుకుని పడుకుంటాడు. ఎవరైనా కదిపితే మెలకువ రావాలని. "మంచం ఇస్తామంటారు బాబూ, బండికి ఏమిస్తారు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

అందరిలో తాగి ఉన్నది ఒక్కడు. శ్రీను గారూ, మీకోసం ప్రత్యేకంగా లెక్కపెట్టాను.

షట్టర్_శ్రీను
ఒక్కడు చాలు కదండీ, వాడే నా అరుగు మీదికి వస్తున్నాడేమో. సరే, ఇంకొకటి చెప్పండి. రాత్రిపూట వాళ్లు మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్తారు?

మూసీగట్టు
అదీ అడిగాను. సందు చివర డబ్బులిచ్చి వాడుకునేది ఒకటి ఉంది, రాత్రి తొమ్మిదింటికి తాళం వేస్తారు. ఆ తర్వాత మీ అరుగే.

షట్టర్_శ్రీను
మరి ఆ తాళం తీయించడానికి మా వర్తక సంఘం తరఫున ఒక కాగితం పెడతాను. రెండు బకెట్ల నీళ్లు మిగులుతాయి నాకు. ధర్మం కాదు, స్వార్థమే, ముందే చెబుతున్నాను.

ప్లీడరు_గుమాస్తా
తనలో తనే మాట్లాడుకునే అతని గురించి. 2017 మానసిక ఆరోగ్య చట్టం వందో సెక్షన్ చూడండి. అలా తిరుగుతూ తన సంగతి తాను చూసుకోలేని మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకోవడం స్టేషను అధికారి బాధ్యత. ఇరవై నాలుగు గంటల్లో దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చూపించాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఆ సెక్షన్ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి, నోటితో చెబితే నవ్వుతారు. అన్నం పెడుతున్న పక్కవాళ్లను మాత్రం వెంట తీసుకెళ్లండి. అతనికి తెలిసిన ముఖాలు అవే.

కాఫీ_చిన్నమ్మ
మా సంఘం దగ్గర నలభై దుప్పట్లు ఉన్నాయి. ఎక్కడ పంచమంటారు?

రాత్రి_డ్యూటీ
దుప్పట్లు వద్దమ్మా. జనవరిలో ఒక్కొక్కరికి మూడు వస్తాయి, ఫొటోలతో సహా. నల్లుల మందు, బట్టల సబ్బు, తాళం వేసుకునే చిన్న రేకు పెట్టెలు. ఇవి ఎవరూ ఇవ్వరు. సామాను పోతుందన్న భయంతోనే సగం మంది రారు.

మూసీగట్టు గారూ, అరటిపండ్ల పెద్దాయన సంగతి. మీరు చూసి వెళ్లిన షెల్టర్ మాదే అనుకుంటున్నాను. యాభైకి ఇరవై రెండు అన్నప్పుడే అనుమానం వచ్చింది, ఆ రాత్రి రిజిస్టరులో సంతకం పెట్టకుండా వెళ్లిపోయినవారు మీరేనా? గేటు లోపల కుడివైపు వేపచెట్టు ఉంది. బండి పెట్టకూడదని నియమాల్లో ఎక్కడా లేదు, పెట్టవచ్చనీ లేదు. తీసుకురండి. గొలుసు ఒకటి కావాలి.

షట్టర్_శ్రీను
గొలుసు నా దగ్గర ఉంది. పాత షట్టర్‌ది, గట్టిది. తాళం కూడా ఉంది.

మూసీగట్టు
చెప్పాను. చాలాసేపు ఆలోచించాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడగమన్నాడు.

రాత్రి_డ్యూటీ
ఆయన దగ్గరే.